తెల్ల రిబ్బను

వీధి చివర దుకాణంలో బట్టలు కుట్టే ఆవిడకి అరవై ఏళ్లు. అందరికీ ఆవిడ మిషనమ్మ. కాలితో తొక్కే ఆ మిషను నడిచిందంటే పక్క దుకాణం గోడ మీది బల్లులు కూడా మకాం మార్చేసేవి. అంత చప్పుడు చాటునే ఆవిడ పాడుకునేది. కాలు ఆగిందా, పాటా ఆగిపోయేది. అన్నేళ్ల కాపురంలో మొగుడు సైతం ఆవిడ గొంతెత్తి పాడగా వినలేదు. కన్నకూతుర్ని వీపు తట్టి నిద్రపుచ్చిందే తప్ప ఒక్క జోలపాటా పాడలేదు.

కారణం ఒకటే. రెండో తరగతిలో ఉండగా, బడి వార్షికోత్సవానికి పాట నేర్పిన టీచరు ఆవిణ్ణి వేలెత్తి చూపించి, "నువ్వు పాడకు, నోరు మాత్రం ఆడించు" అంది. ఏడేళ్ల పిల్ల! గొంతేమన్నా కుళాయా, వద్దనగానే కట్టెయ్యడానికి? ఆ మహాతల్లి సాయంత్రానికే ఆ మాట మరిచిపోయి ఉంటుంది. ఈవిడ మాత్రం యాభై మూడేళ్లు మోసింది.

ఇప్పుడు అదే బడి నుంచి, వార్షికోత్సవంలో పాడే పిల్లలకి ముప్ఫై గౌన్లు కుట్టే పని వచ్చింది. మెడ దగ్గర ఇరవై రెండింటికి ఎర్ర రిబ్బను, ఎనిమిదింటికి తెల్లది వెయ్యమని చీటీ. అందానికి కాబోలనుకుని కుట్టేసింది. అక్కడే రెండో తరగతి చదివే మనవరాలికి, చీటీలో ఆ పిల్ల పేరున్న గౌను తొడిగి చూస్తే, పిల్ల తల దించుకుంది.

"ఏమే, బిగుతుగా ఉందా?"

"లేదమ్మమ్మా. నాకు తెల్లదే వచ్చింది."

"వస్తే?"

"తెల్ల రిబ్బను వాళ్లు పాడకూడదు. ఊరికే నోరు ఆడించాలి. ఎవరైనా మర్చిపోయి పాడితే టీచరుకి తెలియాలిగా, అందుకని."

మిషనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. టీచరు మారింది, మాట మారలేదు. పైగా ఆ గుర్తు తన చేత్తోనే, తన మనవరాలి మెడకి!

"నువ్వు పాడవే, ఎవరాపుతారో చూస్తాను."

"ముందు నువ్వు పాడు."

మిషనమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కాలు మాత్రం మిషను కోసం వెతుక్కుంది. అది చూసుకుని ఆవిడకి ఇంకా ఒళ్లు మండింది. బ్లేడు తీసుకుని ఎనిమిది తెల్ల రిబ్బన్లూ పీకిపారేసింది.

వార్షికోత్సవం నాడు ముప్ఫై మెడలూ ఎర్రగా మెరిశాయి. టీచరు పరుగున వచ్చింది.

"ఇదేంటమ్మా! ఎవరు పాడకూడదో నాకెలా తెలుస్తుంది?"

"తెలియకూడదనే కుట్టాను, టీచరుగారూ."

తెర లేచింది. పాట మొదలైంది. ముందు వరసలో మనవరాలి పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. రిబ్బను మారినా భయం మారలేదు. మిషనమ్మ చివాలున లేచింది. మిషను లేదు, దాని చప్పుడూ లేదు. నేల మీదే కాలు తొక్కుతూ, ఆ పాటే గొంతెత్తి అందుకుంది. హాలంతా వెనక్కి తిరిగింది. టీచరు చెవులు మూసుకుంది. వేదిక మీద పిల్ల ఫక్కున నవ్వింది, ఆ నవ్వులోంచే గొంతు బయటపడింది. మిగతా ఏడుగురూ ఊరుకుంటారా!

శ్రుతి కుదిరిందా అని అడిగేవాళ్లెవరైనా ఉంటే మెడ కొలత ఇచ్చి వెళ్లండి. మిషనమ్మ దగ్గర ఎనిమిది తెల్ల రిబ్బన్లు మిగిలిపోయాయి.