డాక్టరుగారి బండి చప్పుడు

“...చెప్పడానికి మీకంత మొహమాటమైతే ఇవాళ నేనే చెప్పేస్తాను. రోజూ పాప ఉలిక్కిపడి లేస్తోంది. మళ్లీ నిద్రపుచ్చేసరికి దాని తల్లికి తలప్రాణం తోకకొస్తోంది.”

“నెమ్మదిగా మాట్లాడు. అన్నయ్య దిగే వేళయింది, వింటాడు.”

“వింటే ఇంకేం కావాలి!”

మేడమెట్ల మలుపులో ఆయన ఆగాడు. కింది వాటాలో తమ్ముడి కుటుంబం ఉంటుంది. తమ్ముడు, మరదలు, వాళ్ల కూతురు, ఆ కూతురికి పుట్టిన నెలల పాప. పైనున్న ఒక్క గదీ, దాన్ని ఆనుకున్న వంటగట్టూ ఆయనవి. మరదలు గొంతు పెంచబట్టి పాప గురించిన ముక్కలు చెవిన పడ్డాయి. తమ్ముడి మాటల్ని మాత్రం గోడే మింగేసింది. ఆయన హెల్మెట్ చంకన పెట్టుకుని మిగిలిన మెట్లు దిగాడు.

“ఏమిటమ్మా, పాప నిద్రపోవడం లేదా?”

మరదలు మొగుడి మొహంలోకి చూసింది. తమ్ముడు గుమ్మంలో చెప్పులు సర్దడం మొదలుపెట్టాడు.

“ఏం లేదన్నయ్యా. పొద్దున్నే ఎవరిదో బండి చప్పుడు.”

“ఎవరిది?” అని ఆయన రెండోసారి అడిగితేగానీ జవాబు రాలేదు.

“అదే... ఎదురింటివాళ్లది.”

“టాపెట్లు లూజయి ఉంటాయి. ఆదివారం నా దగ్గరికి తెమ్మను, చిటికెలో సరిచేస్తా. పసిపిల్లలున్న ఇళ్ల మధ్య తిరిగేవాడికి ఆ మాత్రం ఇంగితం ఉండొద్దూ!”

మరదలు పెదవి బిగించి లోపలికి వెళ్లిపోయింది. ఆయన బండి స్టాండు తీసి, కిక్ మీద కాలు మోపి ఒక్క తన్ను తన్నాడు. ఇంజన్ అందుకుంది. తల కాస్త వంచి విన్నాడు. ఎక్కడో లోపల, గాజు గ్లాసు అంచుమీద చెంచాతో తట్టినట్టు సన్నగా టిక్, టిక్. అంతే ఉండాలి. అంతకన్నా తగ్గకూడదు, పెరగకూడదు. బయల్దేరుతూ చూస్తే కింది వాటా కిటికీ రెక్కలు ఒకదాని వెనక ఒకటి మూసుకుంటున్నాయి. గాలికి కాబోలనుకున్నాడు.

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ డాక్టరుగారే. చదువు వల్ల వచ్చిన బిరుదు కాదది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. జబ్బు బేరింగ్‌దా, చైన్‌దా, వాల్వులదా అన్నది అక్కడే తేల్చేసేవాడు. “డాక్టరుగారూ, మావాడు బతుకుతాడా?” అని ఎవరో సరదాకి అన్నారు. ఆ పేరు అతుక్కుపోయింది.

అన్నిట్లోకీ ఆయనకి పేరు తెచ్చింది టాపెట్ సెట్టింగు. ఇంజన్ తలలో వాల్వుల్ని నొక్కి తెరిచే ఇనుప వేళ్లుంటాయి. ఆ వేలికీ వాల్వుకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. సందు మరీ తగ్గితే వాల్వు మాడిపోతుంది. పెరిగితే వేలు వాల్వుని సుత్తిలా కొడుతుంది. మెకానిక్కులు ఆ సందులో గేజి అనే సన్నటి ఉక్కు రేకు పెట్టి చూస్తారు. ఆయనకి గేజి ఎందుకు? ముందు చప్పుడు పూర్తిగా పోయేదాకా బిగిస్తాడు. ఆ తర్వాత కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోతాడు. టిక్కుమన్న మొదటి చప్పుడు చెవిన పడగానే చెయ్యి ఆపి నట్టు బిగించేస్తాడు. “గేజి గుడ్డివాడి కర్రరా. చెవి ఉన్నవాడికి దాంతో పనేముంది?” అనేవాడు.

బండి ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. ముదురాకుపచ్చ ట్యాంకు, ఒకే సిలిండరు. అప్పటినుంచి అందులో ఆయన చెయ్యి పడని చోటు లేదు. భుజం నొప్పి మొదలైనప్పుడు హ్యాండిల్ తీయించి, రెండంగుళాలు ఎత్తుగా ఉండేలా తనే పైపు వంచుకున్నాడు. తను పనిచేసే అచ్చు ప్రెస్సులో వాడి పారేసిన అల్యూమినియం ప్లేట్లు కత్తిరించి చైన్ గార్డు చేశాడు. వాటితోనే వెనక చక్రం మీదికి టూల్ బాక్సూ చేశాడు. ఆ బాక్సు మూత తెరిస్తే లోపలివైపు ఏదో పాత క్యాలెండర్ నెల ఇప్పటికీ మసగ్గా కనపడుతుంది.

టూల్ బాక్సు ఉన్నచోట ఒకప్పుడు వెనక సీటు ఉండేది. తమ్ముణ్ణి కాలేజీకి దింపింది, తల్లిని ఆసుపత్రికి తిప్పింది దానిమీదే. తల్లి పోయింది. తమ్ముడు కారు కొనుక్కున్నాడు. ఆయన తన పెళ్లిమాటని ఒక్కో ఏడూ దాటేస్తూ దాటేస్తూ, ఎవరూ ఎత్తని మాటగా చేసుకున్నాడు. కూర్చునేవాళ్లు లేనప్పుడు సీటెందుకని ఒక ఆదివారం విప్పి, గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టేశాడు. పారెయ్యలేదు.

ప్రెస్సులో ఆయన పని పెద్ద మిషన్ మీద. మిషన్ నడుస్తున్నంతసేపూ అక్కడ అందరూ అరుస్తారు, లేదా చేతులతో చెప్పుకుంటారు. ఇంక్ తగ్గించమనడానికో సైగ, కాగితం ఆపమనడానికో సైగ. సాయంత్రం గదికొస్తే మాట్లాడే మనిషి లేడు. రెండుసార్లు చెప్పించుకోవడానికి ముందు ఒకసారి చెప్పేవాళ్లుండాలి కదా. స్టౌ మీద టీ మరుగుతుంటే కుర్చీ బాల్కనీలోకి లాక్కుని కిందున్న బండిని చూస్తూ కూర్చుంటాడు. రోజు మొత్తంలో ఆయన చెవిపెట్టి వినేది దాని మాటే.

ఒకప్పుడు ఆదివారమొస్తే గేటు ముందు బండ్లు బారులు తీరేవి. ఇప్పుడా సందడి లేదు. కొత్త బండ్లలో అన్నీ సెన్సర్లే, వాటికి చెవి అక్కర్లేదు, జనం అందుకే రావడం లేదని ఆయన తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. క్రమం తప్పకుండా వచ్చేది పేపర్లు వేసే అతనొక్కడే. మొన్న ఆదివారం కూడా వచ్చాడు. ఆయన టాపెట్లు సెట్ చేస్తుంటే పక్కన పీటేసుకుని కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పాడు, టీ తాగాడు. “మీ చెయ్యి పడితే బండి వెన్నలా పోతుంది డాక్టరుగారూ” అని వెళ్లాడు. ఆ మాట ఆయనకి రెండురోజులు తోడుంది.

ఆ సాయంత్రం ప్రెస్సునుంచి వస్తుంటే క్లచ్ వైరు తెగింది. తెగేలా ఉందని నెలరోజులుగా తెలుసు. కొత్త వైరు కొని బాక్సులో పెట్టుకోవాలనుకుంటూనే వాయిదా వేశాడు. తనని తాను తిట్టుకుంటూ బండి తోసుకుని, వీధి చివర మెకానిక్ షాపుదాకా నడిచాడు. ఒకప్పుడు ఆ మెకానిక్కూ ఈయన పక్కన కూర్చుని స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకోవడం నేర్చుకున్నవాడే. ఇద్దరికీ పలకరింపులున్నాయిగానీ, డాక్టరుగారు తన బండిని బాగుచెయ్యమని ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు.

ఇంజన్ ఆపి తోసుకురావడంతో ఆయన రాకని ఎవరూ గమనించలేదు. షాపు ముందు పేపరతని బండి నిలబెట్టి ఉంది. దాని ఇంజన్ తలమీద మూత విప్పి ఉంది. మెకానిక్ వంగి సందులో రేకు దూరుస్తున్నాడు. పేపరతను టీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు.

“ఏమైంది దీనికి?” అన్నాడాయన.

పేపరతను గబుక్కున లేచాడు. గ్లాసులో టీ చేతిమీద ఒలికింది. “అబ్బే, ఏం లేదు డాక్టరుగారూ. ఇటుగా పోతూ ఊరికే... ఆయిలు...”

“ఆయిలుకి టాపెట్ మూత విప్పుతారా?”

మెకానిక్ నడుం నిటారు చేసి, ముందు పేపరతన్నీ తర్వాత ఆయన్నీ చూశాడు. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడగొట్టి అన్నాడు. “మీరే చూడండి. నేను ఇంకా నట్టు ముట్టుకోలేదు.”

రేకుల కట్ట అందించాడు. ఆయన సన్నరేకు పెట్టాడు. ఎక్కడా తగలకుండా దూరిపోయింది. దాని తర్వాతది పెట్టాడు. అదీ దూరింది. కట్టలో బాగా మందంగా ఉన్నదాన్ని పెడితే అప్పుడు కాస్త అంచు తగిలింది. రేకు తీసేసి ఆ ఇనుప వేలిని బొటనవేలితో పైకీ కిందికీ ఆడించాడు. ఊడబోయే పాలపన్నులా కదిలింది. ఆయన వేళ్లు ఎప్పుడూ ఆయనకి అబద్ధం చెప్పలేదు.

“ఇది నేను సెట్ చేసిందే” అన్నాడు, అడుగుతున్నట్టూ కాదు, ఒప్పుకుంటున్నట్టూ కాదు.

పేపరతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“ఎన్నాళ్లనుంచి?”

“చాన్నాళ్లే అయింది” అన్నాడు మెకానిక్. “మీ దగ్గరికొచ్చే బండ్లన్నీ తర్వాత ఇక్కడికే వచ్చేవి. అలా రెండుచోట్ల తిరగలేక ఒక్కొక్కరే మానేశారు.”

“నాతో చెప్పొచ్చు కదా.”

“ఎలా చెప్పమంటారు? నీకు చెవి లేదు, పోయి గేజి కొనుక్కో అని అప్పట్లో నన్ను పంపేసింది మీరే. అదే మాట తిరిగి నా నోటితో మీకు చెప్పనా?”

ఆయన పేపరతనివైపు తిరిగాడు. “మరి నువ్వు మానలేదేం?”

పేపరతను చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఆదివారం మీరొక్కరే కూర్చుని ఉంటారు కదండీ. పోనీలే, కాసేపు కాలక్షేపం అవుతుంది, మీకూ నాకూనూ. ఆ తర్వాత ఇక్కడ సరిచేయించుకుంటే పోయేదేముంది?”

మంచితనంతో అన్న మాటే. అందుకే ఆయనకి దాన్ని ఎటు తోసెయ్యాలో తెలియలేదు. టాపెట్ మూతలోని నూనెచుక్క వేలితో తుడిచి, తుడిచిన వేలిని చూసుకుంటూ నిలబడ్డాడు.

“నా బండి ఎలా వినపడుతుంది?”

మెకానిక్ తటపటాయించాడు. “నిజం చెప్పమంటారా?”

“చెప్పు. గట్టిగా చెప్పు.”

“గిన్నెల బస్తా మెట్లమీద దొర్లించినట్టు ఉంటుంది డాక్టరుగారూ. మీరు మలుపు తిరక్కముందే షాపులో తెలిసిపోతుంది.”

క్లచ్ వైరు వేయించుకున్నాక కూడా ఆయన బండి స్టార్ట్ చెయ్యలేదు. ఇంటిదాకా తోసుకుంటూనే నడిచాడు. దారిలో పక్కనుంచి ఒక స్కూటరు పోయింది. మామూలుగా పోయిందో, హారన్ కొట్టి పోయిందో చెప్పలేడు. ఇన్నాళ్లూ ఆ సంగతి తోచనేలేదు. కుక్కర్ కూత వినపడక అన్నం అడుగంటడం గుర్తొచ్చింది. గది తలుపు కొట్టి కొట్టి తమ్ముడు కిందికి వెళ్లిపోయి, తర్వాత ‘నిద్రపోయావేమో అనుకున్నా’ అనడం గుర్తొచ్చింది. ప్రెస్సులో కొత్తవాళ్లు తన వెనకగా చెప్పుకుని నవ్వుకునే జోకులు గుర్తొచ్చాయి. వాటి గురించి అనుకోవాలనిపించలేదు. వేసవి మొదట్లో వీధి చెట్లలో ఏదో పిట్ట అరిచేది. అది ఈ ఏడు రాలేదనుకున్నాడు. ఇంటి దగ్గరికొచ్చాక ఓ చెట్టు కింద బండి ఆపి తలెత్తి చూశాడు. కొమ్మమీద కూర్చుని ఉంది. గొంతు ఉబ్బుతోంది, ముక్కు తెరుచుకుని మూసుకుంటోంది. ఆయన అది ఎగిరిపోయేదాకా చూశాడు.

గేటు తీసుకుని లోపలికొచ్చేసరికి మరదలు వాకిట్లో పాపని భుజాన వేసుకుని తిరుగుతోంది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“తోసుకొస్తున్నారేం బావగారూ, బండి చెడిందా?”

“వైరు తెగిందమ్మా, వేయించాను. పాప లేస్తుందని స్టార్ట్ చెయ్యలేదు.”

మరదలు నడక ఆగింది. తమ్ముడు రెండు మెట్లు దిగొచ్చి తలొంచుకుని ఏదో అన్నాడు. పెదాలు కదలడం ఆయనకి స్పష్టంగా కనపడింది. మామూలుగా అయితే ‘ఆ, అలాగే’ అని తలూపి మేడ ఎక్కేసేవాడు. అలా ఎన్నింటికి తలూపాడో!

“గట్టిగా చెప్పరా” అన్నాడు. “నాకు వినపడలేదు.”

తమ్ముడు తలెత్తాడు. అన్న నోట ఆ మాట అతను ఎన్నడూ వినలేదు.

“పొద్దున నీతో అబద్ధం చెప్పానన్నయ్యా అంటున్నా” అన్నాడు గొంతు పెంచి. “ఎదురింటివాళ్లది కాదు.”

“తెలుసు.”

పాప ఆ గొంతుకి ఒకసారి మెదిలి, మళ్లీ మరదలి భుజంమీద చెంప ఆన్చింది. ఆయన బండిని గోడవార స్టాండు వేసి, టూల్ బాక్సు మూత తెరిచాడు. స్క్రూడ్రైవర్లూ స్పానర్లూ ఒక్కొక్కటే తీసి మెట్టుమీద వరసగా పేర్చాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ వచ్చినప్పుడు దాని పిడిని ఒకసారి అరచేతిలో తిప్పి చూసి, అన్నిటి పక్కనే పెట్టాడు. బాక్సు ఖాళీ అయ్యాక దాన్ని బిగించిన బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

“అదెందుకన్నయ్యా విప్పుతున్నావ్?”

తమ్ముడు ఈసారి గట్టిగానే అడిగాడు. ఆయన విప్పిన మొదటి బోల్టు చేతిలో పట్టుకుని లేచాడు.

“అటకమీదనుంచి ఆ సీటు దించు. వెనక బిగిస్తాను. రేపు పొద్దున టాపెట్లు మెకానిక్ చేత చేయిద్దాం, నువ్వు వెనక కూర్చుని చప్పుడు తగ్గిందో లేదో విని చెప్పు. అక్కణ్ణుంచి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.”