మనూరి గొంతు

మా అమ్మకి హిందీలో ఫోనొస్తే నాకు ఏ దిగులూ లేదు. "నహీ చాహియే" అని ఠక్కున పెట్టేస్తుంది. నా భయమంతా తెలుగు ఫోన్లతోనే. నా మాటల్లో ఒక్క హిందీ ముక్క దొర్లితే తిట్టిపోసే మనిషి, అవతల ఎవడైనా మనూరి యాసలో "ఏటమ్మా, బాగున్నారేటి" అంటే చాలు, కరిగిపోతుంది. నాన్న ఈ హిందీ ఊళ్ళో స్టీల్ ప్లాంటులో పనిచేసి, పోయాక వచ్చిన డబ్బంతా ఆవిడ పేరు మీదే ఉంది. బ్యాంకు మొత్తం ఆ ఫోన్లోనే ఉంది. దొంగ చేతికి తాళాలివ్వడానికి ఇంకేం కావాలి?

ఒకరోజు ఆఫీసు నుంచి వైశాలి నగర్ ఇంటికొచ్చేసరికి, ఫోన్లో ఎవడితోనో వానల గురించి మాట్లాడుతోంది. ఎవరంటే, "బ్యాంకు బాబే. మనూరి వైపే, పలాస దగ్గరోడట. పాపం, మంచోడు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను లాక్కుని కట్ చేశాను.

"ఏటేటి చెప్పీసేవమ్మా వాడికి?"

"ఏటీ చెప్పలేదు. నా కూతురు దుర్గ్‌లో పని చేస్తాది, స్కూటీ మీద ఎల్తాది అన్నాను. అదేటి నేరమా?"

ఓరి దేవుడా! ఇంకా చెప్పడానికేం మిగిలిందని?

నంబరు బ్లాక్ చేశాను గానీ మనసు ఊరుకోలేదు. కొరియర్ వాడు ఇంట్లో ఇంకెవరున్నారని "ఘర్ మే ఔర్ కౌన్ హై?" అన్నా అనుమానమే. పక్కింటావిడ "మీది ఏ బ్యాంకక్కా?" అన్నా అనుమానమే. సాయంత్రమైతే అమ్మ ఫోను తిరగేసేదాన్ని. "పోలీసోళ్ళింట్లో పుట్టాల్సిందానివి, నా కడుపున పుట్టేవేటే" అని విసుక్కునేది. విసుక్కోనీ. ఈ రోజుల్లో కంప్యూటర్తో మనవాళ్ళ గొంతే దించేస్తున్నారు, ఎవరు ఏడ్చినా, ఎవరు బెదిరించినా ముందు పెట్టేసి నాకు చెయ్యమని ఆవిడ బుర్ర తినేశాను.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం మీటింగు నుంచి బయటికొచ్చి చూస్తే, అమ్మ దగ్గర్నుంచి వరసగా మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే స్విచాఫ్. అయిపోయింది, ఉన్నదంతా ఊడ్చిపెట్టేసి ఉంటుంది అనుకున్నాను. ఆ వానలో స్కూటీ ఎలా నడిపానో నాకే తెలీదు.

తలుపుకి లోపల గొళ్ళెం.

"అమ్మా, నేనే. తలుపు తియ్యి."

"ఎవులు?"

"నేనేనమ్మా, నీ కూతుర్ని!"

"ఇందాకా ఫోన్లో ఒకర్తి ఇలాగే ఏడిసింది, నా కూతురు గొంతులాగే. యాక్సిడెంటైందట, మనిషిని పంపుతాదట, ఆ మనిషి చెప్పినట్టు ఫోన్లో నొక్కాలట. ఆ మనిషివి నువ్వే కదేటి? పో ఇక్కడ్నించి! అరిచానంటే వీధంతా వచ్చీస్తాది!"

నా ఓపిక చచ్చిపోయింది. భయమేస్తోంది తియ్యమంటూ తలుపు మీద గుద్ది ఏడ్చేశాను. "అరే మమ్మీ, మై హూఁ! ముఝే డర్ లగ్ రహా హై, దర్వాజా ఖోలో నా!"

వెంటనే గొళ్ళెం తీసింది. నేను తడిసి ముద్దయి ఉన్నా వదలకుండా గట్టిగా పట్టుకుంది. ఏమైనా నొక్కేశావా అని అడిగాను. లేదంది. నాకు చేస్తే నేనెత్తలేదట, వాళ్ళేమో మళ్ళీ మళ్ళీ చేస్తున్నారని భయపడి ఫోను ఆపేసిందట.

"గొంతు నాలాగే ఉందంటున్నావు కదా, మరి అది నేను కాదని ఎలా తెలిసింది?"

"అది చక్కగా మన తెలుగులో ఏడిసిందే" అంది అమ్మ, కొంగుతో నా తల తుడుస్తూ. "నువ్వు దెబ్బ తగిలితే హిందీలోనే ఏడుస్తావు. చిన్నప్పట్నుంచీ దానికే కదే నిన్ను తిట్టేదాన్ని."