చుట్టాల కట్టె

అవ్వ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. కొత్త రాష్ట్రం వచ్చాక మొదటి వానాకాలం. రెండు రోజులుగా ముసురు పట్టి ఉంది. కామారెడ్డిలో మా ఇంటి వరండాలో నిలబడి విన్నాను. "మా అత్త పొద్దుగాల పోయింది అక్కా. ఊపిరి అందలే" అంది, అంతే. ఆ ఊపిరిని యంత్రం పెట్టి కొలిచినదాన్ని నేను.

ఆమె నాకు చుట్టం కాదు. ఎల్లారెడ్డి దాటాక మట్టిరోడ్డు మీద ఒక చిన్న పల్లె. అక్కడ మేం పరీక్షకు ఎంచుకున్న ఇళ్ళలో ఆమెది ఒకటి. నేనప్పుడు యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిని. కట్టెల పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తులను తినేస్తోంది, కొద్ది కట్టెతో, కొద్ది పొగతో వండే పొయ్యి కావాలి. అదీ మా పని. ఇనుప పొయ్యి మా సారు తయారుచేశారు. అది ఇళ్ళలో ఎలా పనిచేస్తోందో కొలిచి రాయడం నా వంతు. నేను రాసేదాన్ని బట్టే నా డాక్టరేటు, నేను రాసేదాన్ని బట్టే మిగతా ఊళ్ళకు ఆ పొయ్యి.

వెళ్ళినప్పుడల్లా అవ్వ చీర కొంగు దగ్గర ఒక చిన్న పంపు కట్టేదాన్ని. అది గాలిని లాగి, రూపాయి బిళ్ళంత తెల్ల కాగితం గుండా వదులుతుంది. గాలిలో పొగ ఉంటే కాగితం నల్లబడుతుంది. మొదటిరోజు దాని గురగుర విని అవ్వ చెవి దగ్గర పెట్టుకుంది. "నాలెక్కనే ఎగవోస్తున్నది గదనే ఇది" అంది. నిజంగానే ఆమెకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని ఎగతాళి చేసేది, చాలావరకు నన్నే. ఇంత చదివి గంజి వార్చడం రాదని, నన్ను చేసుకునేవాడు ముందే నేర్చుకుని రావాలని.

కట్టెను ఆమె కంటితో చూసేది కాదు, చెవితో చూసేది. రెండు కట్టెలు ఒకదానికొకటి తట్టి, మోగితే పొయ్యిలోకి, మోగకపోతే ఎండలోకి. "ఎండిన కట్టె మాట్లాడ్తది, పచ్చి కట్టె గునుస్తది" అనేది. వంటింటి మూలలో, గోడకు ఆనించి, బాగా మోగే కట్టెల మోపు ఒకటి తాడు కట్టి ఎప్పుడూ నిలబడి ఉండేది. నా ఫారంలో ఇంధనం అన్న గడి దగ్గర "ఎండుకట్టె" అని రాసుకున్నాను. మోపును ఫొటో కూడా తీసుకున్నాను.

ఫలితాలు ఎంత బాగున్నాయో చెప్పలేను. ఎవరింట్లో చూసినా కాగితం దాదాపు తెల్లగానే ఉండేది. నేను కామారెడ్డి బస్సులో కూర్చుని, నా పేరు ముందు డాక్టర్ అని వేసుకుంటే ఎలా ఉంటుందా అని నోట్‌బుక్కు వెనక రాసుకుని చూసుకున్నాను కూడా. ఒక్క చిన్న విషయం మాత్రం నాకు తట్టలేదు. కొత్త పొయ్యి పక్కన ఒక గంప బోర్లించి ఉండేది. నా నోట్‌బుక్కు దానిమీదే పెట్టుకునేదాన్ని. తీసేసరికి అట్ట వెచ్చగా ఉండేది. వేడిని కొలవడానికి వచ్చిన మనిషిని నేను. గంప ఎందుకు వెచ్చగా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వెళ్ళి, ఇదే ఆఖరిసారి రావడమని, పొయ్యి గెలిచిందని, ఇక చాలా ఊళ్ళకు పంచుతారని సంబరంగా చెప్పాను. అవ్వ కొడుకు ఆ రోజుల్లో కూలికి హైదరాబాద్ పోయి ఉన్నాడు. ఇంట్లో అవ్వ, కడుపుతో ఉన్న కోడలు. అవ్వ కోడలి వైపు చూసింది. లేచి గంప పక్కకు తీసింది.

కింద పాత మట్టి పొయ్యి. బూడిద కింద నిప్పు ఇంకా కణకణమంటోంది.

"పొద్దుగాల దీనిమీదనే రొట్టె చేసినం" అంది. కొత్త పొయ్యి నోరు చిన్నది. జొన్నరొట్టె కాల్చే పెంక దానిమీద ఆనదు, పత్తికట్టె దానిలో దూరదు. అందుకని రోజూ పాతదే. మేం వచ్చే ముందురోజు కబురు పంపేవాళ్ళం, చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదని. కబురు అందితే, మేం వచ్చేసరికి పల్లెలో ఆడవాళ్ళందరూ పాత పొయ్యి మీద గంప మూసి, చుట్టాల కోసం మూలన దాచిన కట్టె మోపు విప్పి, అన్నం వండేవాళ్ళు. నేను నెలల తరబడి కొలిచింది పొయ్యిని కాదు, వాళ్ళ మర్యాదను.

నాకు కోపం వచ్చింది. నన్ను మోసం చేశారనిపించింది. ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"సుట్టం కండ్లల్ల పొగ వెడ్తరా బిడ్డా?" అంది అవ్వ. "నువ్వు మంచిగున్నదా అని అడుగుతివి. ఇంటికొచ్చిన ఆడివిల్లకు మంచిగలేదని ఎట్ల చెప్తం?"

మరి ఇప్పుడెందుకు చెబుతున్నావన్నాను. ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నాదంటె అయిపాయె. దీని ఊపిరి ఇంక మస్తు దినాలు నడవాలె" అని కోడలి వీపు మీద చెయ్యి వేసింది. కోడలు తల దించుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

ఆ మాట చెప్పినందుకు పల్లెలో కొందరు అవ్వతో చాలారోజులు మాట్లాడలేదట. పదిమంది గుట్టు ఒక్కతే బయటపెట్టిందని. అది నాకు తర్వాతెప్పుడో కోడలు చెబితే తెలిసింది. అవ్వ చెప్పలేదు.

తిరుగు బస్సులో నాలోని దొంగబుద్ధి చాలా లెక్కలు వేసింది. గంప సంగతి ఎవరికి తెలుసు? కాగితాలు తెల్లగానే ఉన్నాయి కదా? ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఆ ఆలోచనే. చివరకు సారుకు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. పొయ్యి బొమ్మ చేతిలోకి తీసుకుని, ఇక కబురు పంపకుండా వెళ్ళమన్నారు. నా చదువు ఏడాదికి పైగా వెనక్కి పోయింది. ఆ ఏడాది కోసం మొదట్లో అవ్వను తిట్టుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

చెప్పకుండా వెళ్ళిన మొదటిరోజు పొద్దున్నే ఇంట్లో పొగ. పచ్చి పత్తికట్టె గునుస్తోంది. అవ్వ రొట్టె తడుతోంది. నన్ను చూసి చెయ్యి మూలనున్న మోపు వైపు పోయింది, అలవాటుగా. మధ్యలో ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల నువ్వు సుట్టానివి గావు. ఇంట్ల పిల్లవు. గూసో" అంది.

కూర్చున్నాను. దగ్గాను. కళ్ళు మండిపోయాయి. పెంక మీది రొట్టె తుంచి నాకింత కారంతో పెట్టింది. ఆ ఇంట్లో అన్నం చాలాసార్లు తిన్నాను, వాళ్ళు తినేది తినడం అదే మొదటిసారి. సాయంత్రం పంపులోంచి కాగితం తీస్తే కాటుకలా ఉంది. అవ్వ చూపించమంది. వెలుతురులో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నా లోపట గూడ గిట్లనే ఉన్నదా?" అని అడిగింది. ఉంటుందని చెప్పాను. ఆమె నాకు నిజం చెప్పాక నేను అబద్ధం ఎలా చెప్పను? తల ఊపి, ఎగతాళి చెయ్యడానికి ఏదో వెతుక్కుంది కానీ ఆ పూట దొరకలేదు.

తర్వాత పొయ్యి నోరు పెద్దదైంది. పెంక ఆనేలా, పొడుగు కట్టె దూరేలా మార్చారు. పొగ పూర్తిగా పోయిందని అనను, వానాకాలంలో ఇప్పటికీ వస్తుంది. కానీ కోడలు దానిమీద రోజూ రొట్టె చేస్తుంది, మేం ఉన్నా లేకపోయినా. అవ్వకు మాత్రం అది ఆలస్యంగా వచ్చింది. నా డాక్టరేటు కూడా వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే, ఇప్పటికైనా గంజి వార్చడం వచ్చిందా అని అడిగింది.

మూడోనాడు, అవ్వ పేర పిట్టకు ముద్ద పెట్టే రోజున వెళ్ళాను. చినుకులు పడుతూనే ఉన్నాయి. కోడలు పొయ్యి ముందు కూర్చుని, అవ్వకు ఇష్టమని జొన్నరొట్టె చేస్తోంది. అవ్వను తీసుకెళ్ళిన రోజు కట్టెలన్నీ తడిసి ఉన్నాయని, చితి ఎంతకీ అంటుకోలేదని చెప్పింది.

"ఇగ మా ఆయన ఉరికొచ్చి సుట్టాల కట్టె ఎత్తుకపోయిండు. అది వెట్టినంక అంటుకున్నదట. రవ్వంత పొగ గూడ రాలేదట అక్కా."

నేను మూల వైపు చూశాను. గోడంతా ఏళ్ళ మసి. మోపు ఉన్నచోట మాత్రం కట్టెల ఎత్తున, కట్టెల వెడల్పున, సున్నం వేసిననాటి తెలుపు అలాగే ఉంది.