గుడ్డ వాసన చూసే సిస్టరమ్మ

మా కిషన్‌బాగ్ గల్లీ చివరింటి సిస్టరమ్మ ఆదివారం పొద్దున పోయింది. బస్తీ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్త వినగానే ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. ఆమెను పిచ్చి నర్సమ్మ అన్నవాళ్లే నాకంటే ముందు అక్కడ చేరి, దేవతలాంటి మనిషి అంటున్నారు.

ఆమె పిచ్చి ఏమిటంటే, గల్లీలోకి పసిబిడ్డ వచ్చిందని తెలిస్తే చాలు, పిలవకుండానే వెళ్లి, బిడ్డ ముఖం చూడకముందే చుట్టిన గుడ్డను వాసన చూసేది. నా కొడుకును ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు మా అత్తమ్మ తన పాత నూలుచీరను వాడికి పక్కబట్టగా పరిచింది. ఏళ్లుగా కలరా ఉండలు వేసి పెట్టెలో దాచిన చీర అది. సిస్టరమ్మ దాన్ని లాగి వాకిట్లో పడేసింది.

"గీ గోలీలు పురుగులను సంపుతయ్. పట్టుచీరెలకు మంచియే. పసిగుడ్డుకెందుకమ్మా?"

ఆమె అటు వెళ్లగానే అత్తమ్మ చీర దులిపి మళ్లీ పరిచింది. ఆ వారంలోనే బాబు కళ్లు పచ్చబడ్డాయి. ఆటో పిలిచి మమ్మల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది సిస్టరమ్మే. ఆక్సీకరణ ఒత్తిడి అన్న మాట అక్కడే మొదటిసారి విన్నాను. ఆ ఉండల ఆవిరి ఒంట్లో చేరితే ఎర్రకణాల మీద ఆ ఒత్తిడి పడుతుందట. దాన్ని తట్టుకునే ఎంజైము మావాడికి పుట్టుకతోనే తక్కువ. కణాలు పగిలిపోయాయి. మలేరియా తగ్గించే ఒక మందు కూడా ఇలాంటివాళ్లకు ప్రమాదమేనని, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందే చెప్పాలని హెచ్చరించారు.

వరండాలో సిస్టరమ్మ నా పక్కన కూర్చుంది. "నా పెద్దోడు గిట్లనే పచ్చబడి పోయిండు బిడ్డా. ఎందుకు పోయిండో నర్సు ట్రైనింగ్‌ల సమజైంది. గప్పుడు నాకు ఒక్కలు చెప్పలే. అందుకే గింత లొల్లి చేస్త."

మావాడు బతికాడు. ఆ రుణం నాకుంది.

మూలమీది కిరాణా కొట్టులో ఆ ఉండల ప్యాకెట్లు ఇప్పటికీ బిస్కెట్ల పక్కనే వేలాడుతున్నాయి. పసిపిల్లల బట్టల్లో వేయొద్దని ఒక్క ముక్క రాసి అంటించమని ఆమె ఎన్నిసార్లు అడిగిందో. కొట్టతను నవ్వేవాడు. అంత్యక్రియలకు పెద్ద పూలదండ తెచ్చింది అతనే. చూస్తే ఒళ్లు మండింది.

శవపేటిక గల్లీ దాటుతుంటే ఎదురింటి కోడలు బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. నేను పక్కనుంచి వెళుతుంటే ఆ గుడ్డలోంచి గుప్పున అదే వాసన.

"ఏమ్మా, ఆమె పోయేదాకా ఆగిన్రా?" అన్నాను.

"శవం ముందట ఏంది లొల్లి?" అంది, అప్పటిదాకా ఏడుస్తున్న ఆ కోడలి అత్త.

"గీ లొల్లి ఆమెదే."

కోడలు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. బిడ్డకు తన కొంగు చుట్టి, ఆ గుడ్డను వాకిట్లోకి విసిరేసింది. వెనక వస్తున్న జనం ఆ గుడ్డను తొక్కకుండా, పక్కకు జరిగి నడిచారు.