గౌరీశ్వరి ఆపనివ్వని కంప్యూటర్

కంచరపాలెంలో గౌరీశ్వరి డీటీపీ షాపు పెళ్లికార్డులకు పెట్టింది పేరు. అసలు సంగతేమిటంటే ఆమె ఏ కార్డూ కొత్తగా టైపు చెయ్యదు. పాతది తెరిచి, పేర్లూ ముహూర్తమూ మార్చి, వేరే పేరుతో సేవ్ చేస్తుంది. సింహాద్రి పెళ్లికార్డు మీద నాగబాబు పెళ్లి, నాగబాబు కార్డు మీద మల్కాపురం వాళ్ల గృహప్రవేశం. అలా ఏళ్ల తరబడి పోగుపడిన కార్డులే ఆమె బతుకుతెరువు. వాటికి రెండో కాపీ లేదు.

2006 నాటికి ఆ కంప్యూటర్ నిండా వైరస్‌లే. ఒక ఫోల్డరు తెరవమని చెప్పి టీ తాగి రావచ్చు. ఫార్మాట్ చేద్దామన్నాడు మెకానిక్. ఫార్మాట్ అంటే అన్నీ తుడిచెయ్యడమని తెలిసి అతన్ని గుమ్మం దాటించింది.

ఒకరోజు కాసులమ్మ వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఫిషింగ్ హార్బర్లో చేపలమ్మే మనిషి. కొడుకు పెళ్లికార్డు చదివించుకుని విందామని వచ్చింది. సాయంత్రానికి కార్డు ప్రెస్సుకు వెళ్లాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ బిగుసుకుపోయింది.

పాలిటెక్నిక్ మానేసి తిరుగుతున్న మరిది వీరన్నకు సందు దొరికింది. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి జేబులోంచి తీశాడు.

"ఇది లైనక్స్ వదినా, విండోస్ లాంటిదే. లైవ్ సీడీ. లోపలేటీ ఎక్కించక్కర్లేదు, సీడీ మీదే నడుస్తాది. నచ్చకపోతే తీసీడమే."

"నా కార్డులు ముట్టుకున్నావంటే సేతులిరిసేత్తాను."

"ముట్టుకోనంతన్నాను కదేటి!"

సీడీ గిరగిరా తిరిగింది. చాలాసేపటికి గోధుమరంగు తెర వచ్చింది, అప్పుడే కడిగిన అరుగులా. దాని మీద గౌరీశ్వరి వస్తువు ఒక్కటీ లేదు.

"నా కార్డులేవిరా?"

వీరన్న అక్కడా ఇక్కడా నొక్కి ఫోల్డరు పట్టుకున్నాడు. కాసులమ్మ కార్డు తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. తెలుగన్నది మచ్చుకైనా లేదు. ఇంకోటి తెరిచాడు. అదీ అంతే.

"ఏటి సేసీసినావురా!"

వీరన్న మౌస్‌ను అటూ ఇటూ కదిపాడు. "ఆపీసి మళ్లీ ఎయ్యనీ," అన్నాడు చివరికి.

"ఆపకు! ఇప్పుడాపితే ఇలాగే సేవయిపోద్ది!" మౌస్ లాక్కుంది. ఆమె వృత్తి నేర్పింది అదే మరి. మూసేటప్పుడు ఎలా ఉంటే అలాగే మిగులుతుంది.

"ఏటయినాదమ్మా? మా గుంటడి పెళ్లి తప్పిపోనాదేటి?" అంది కాసులమ్మ.

"పెళ్లికేటీ అవలేదు పిన్నీ. కార్డుకే..." అంది గౌరీశ్వరి.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ బీప్ బీప్‌మని మొత్తుకోవడం మొదలెట్టింది. దాని బ్యాటరీ ముసలిది.

"మనం ఆపకపోయినా అదే ఆగిపోద్ది వదినా."

గౌరీశ్వరి కళ్లు గట్టిగా మూసుకుంది. "ఆపీ."

కంప్యూటర్ ఆగిపోతూ సీడీని తనే బయటికి నెట్టింది.

"మింగింది కక్కీసినాది," అంది కాసులమ్మ.

ఎవరూ నవ్వలేదు. కరెంటు వచ్చేదాకా గౌరీశ్వరి స్టూలు మీద కదలకుండా కూర్చుంది. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని పేర్లు! మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఫ్యాను తిరిగింది. స్విచ్చి ఆమే నొక్కింది. పాత తెర వచ్చింది. ఎప్పటిలాగే నత్తనడక, ఎప్పటిలాగే వైరస్ హెచ్చరిక. ఆ హెచ్చరికను చూసి ఆమె ఎన్నడూ అంత సంతోషించలేదు. కార్డు తెరిచింది. గుండ్రటి తెలుగు అక్షరాలు, ఒక్క కొమ్ము కూడా చెదరలేదు. పమిటతో మొహం తుడుచుకుంది.

"ఫాంటు!" అని అరిచాడు వీరన్న. "ఆ సీడీలో మన తెలుగు ఫాంటు లేదు వదినా. అందుకే అలా కనపడ్డాయి. కార్డులకేటీ అవలేదు!"

"ఇప్పుడా సెప్తావు? ఇందాక ఐసులో ఎట్టిన సేపలాగున్నాది నీ మొకం," అంది కాసులమ్మ. ఈసారి ముగ్గురూ నవ్వారు.

గౌరీశ్వరి కార్డు పైకి చదివింది.

"మా సెల్లి గంగాలమ్మ పేరేదీ? పేరు లేపోతే అది పెళ్లికి రాదు," అంది కాసులమ్మ. గౌరీశ్వరి ఆ పేరు ఎక్కించి, ప్రెస్సుకు కార్డు ప్రింటు తీసి ఆమెకిచ్చి పంపింది.

వీరన్న మెల్లగా జారుకోబోయాడు.

"ఎక్కడికి? ఎళ్లి ఖాళీ సీడీలట్టుకురా. ముందు కార్డులన్నీ వాటిలోకెక్కించు. తర్వాత ఫార్మాటే సేత్తావో, నీ లైనక్సే ఎడతావో నీ ఇష్టం."

"నిజంగానా వదినా?"

"నీ సీడీలో ఫోల్డరు నొక్కగానే తెరుసుకున్నాది కదరా. నాను సూడలేదనుకున్నావేటి?"