ఒసాకాలో మా అత్త చెయ్యి వదిలిన సాయంత్రం

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పులివెందులలో, రోజూ ప్రొద్దుటూరు నుంచి వచ్చి పనిచేసే మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను. పొద్దున తొమ్మిదిన్నర. ఒక ముసలాయనకు షుగరు జబ్బు మాత్రలు ఏ పూట ఎన్ని వేసుకోవాలో అట్టపెట్టె మీద రాసిస్తున్నాను. ఫోన్ చేసింది ప్రొద్దుటూరులో మా పక్కింటామె.

"అమ్మీ, మీ అత్త పొయ్యి కాడ కూలబడింది. ఆటోలో ఎక్కించుకొని పోయినాం గానీ..."

గుండె ఆగిపోయిందట. అది జరిగి ఇవాల్టికి నెల. ఈ నెలలో ఆమె గురించి చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. నేను మాత్రం ఒక సంగతి దాచి ఏడాది పైగా బతికాను. ఆమె గురించి రాయాలంటే అది చెప్పకుండా రాయలేను.

మా అత్త జమ్మలమడుగు దగ్గర పల్లెలో, గొర్రెలూ మేకలూ కాచే ఇంట్లో పుట్టింది. పెళ్లై ప్రొద్దుటూరుకు వచ్చాక ఇంటి ముందే పొంగనాల అంగడి పెట్టింది. ముప్పై ఏళ్లు ఆ గుంతల పెనం ముందే కూర్చుంది. పొద్దున వాయి దించగానే మొదటి పొంగనం చేత్తో నొక్కి చూసేది, నోట్లో వేసుకునేది కాదు. "నాలిక అబద్ధం చెప్తాది అమ్మీ, వేలు చెప్పదు" అనేది. ఎవరైనా తొందరపెడితే, "అగ్గి పెంచితే పైన మాడుతాది, లోపల పచ్చిగుంటాది. గమ్మున నిలబడు" అని కసిరేది. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేసుకునేది. సూది నేనే వేసేదాన్ని. నేను షాపు నుంచి రావడం ఆలస్యమైతే తనే వేసుకునేది.

జపాన్ ఆమె బుర్రలోకి ఎలా వచ్చిందంటే, ఫోన్‌లో. వంటల వీడియోలు చూస్తూ ఒకరోజు గట్టిగా కేక పెట్టింది. "అమ్మీ, బిన్నా రా! ఇది మన పెనమే! యాడ ఇది?"

నిజమే. అచ్చం అదే గుంతల పెనం. ఒకామె అందులో పిండి పోసి, ఆక్టోపస్ ముక్కలు వేసి, రెండు పుల్లలతో గిరగిరా తిప్పుతోంది. జపాన్‌లో ఒసాకా అనే ఊరి వంటకమని చెప్పాను. తకొయాకి అంటారట.

"ఎనిమిది కాళ్లుండేదాన్ని తింటారా అత్తా ఎవరన్నా?" అన్నాను.

"మేక కాళ్లు తినేటోళ్లం. దానికి ఇంగో నాలుగు ఎక్కువ. అంతే గదా."

ఆ తర్వాత ఆర్నెల్లు ఆమె నోట ఇదే మాట. ఊళ్లో ట్రావెల్స్ వాళ్లు జపాన్‌కు గుంపుగా తీసుకుపోతున్నారని తెలిసింది. మా ఆయన ససేమిరా అన్నాడు. "షుగరుండాది, బీపీ ఉండాది. కాశీకి పోతానంటే పంపిస్తా. ఆడికేంది?"

"కాశీకి మీ చిన్నాయన పోయినాడు, మీ మేనత్త పోయింది, ఊరంతా పోయింది. ఆడ నాకు కొత్తగా ఏముంది రా? నేను పొయ్యే చోట నా పెనముండాది."

చివరికి మా ఆయన నా వైపు తిరిగాడు. గొంతు మారింది. "పంపిస్తా. కానీ నువ్వు పోవాల ఎంబడి. ఏమన్నా అయితే నిన్నే అడుగుతా." సరేనన్నాను. అది మాట వరసకు అన్నాడని నేను అనుకోలేదు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో వెళ్లాం. పద్దెనిమిది మందిమి. మా అత్త అక్కడ చూసిన ప్రతిదానికీ ఒక మాట అనేది. రైలెక్కితే జనం కిక్కిరిసి ఉన్నారు గానీ చప్పుడు లేదు. నా చెవిలో, "ఇంత మంది ఉండారు, ఒక్కరూ మాట్లాడరే! ఎవరన్నా పోయినారా అమ్మీ?" అంది. ముద్దగా అంటుకునే అన్నం మిగతావాళ్లకు నచ్చలేదు. ఆమె మాత్రం, "సంగటి తిన్న చేతికి ఇది కొత్త గాదు" అని తినడానికిచ్చిన పుల్లలు పక్కన పెట్టి, చేత్తో ముద్ద చేసుకుని తిన్నది. సోయా చిక్కుడుతో చేసే చారు తాగి, మన ఉలవచారుకు చెల్లెలంది. అంగడివాళ్లు నడుము వంచి దండం పెడితే ఆమె అంతకన్నా కిందికి వంగేది. వాళ్లు మళ్లీ వంగేవాళ్లు. నేను చెయ్యి పట్టి లాగితే తప్ప అది ఆగేది కాదు.

గైడు అందరికీ పేరూ హోటల్ ఫోన్ నంబరూ ఉన్న కార్డు మెడలో వేసుకోమని ఇచ్చాడు. మా అత్త దాన్ని తీసి సంచిలో పడేసింది. "మెడలో గుర్తు కట్టేది గొర్రెకు. నాకు గాదు."

ఒసాకాలో రెండో రోజు సాయంత్రం. ఆరు గంటలకు హోటల్లో ఆమెకు ఇన్సులిన్ వేశాను. అరగంటలోపల తినాలి. భోజనం చేసే చోటు నడిచి పోయేంత దూరంలోనే ఉందని గైడు చెప్పాడు. దారి పొడవునా రంగురంగుల దీపాలు, పొగలు కక్కే తిండి అంగళ్లు, తోసుకుపోయే జనం. ఆమె చలికి శాలువా కప్పుకుంటూ సంచి నాకిచ్చింది. ఫోన్, కార్డు, షుగరు పడిపోతే వేసుకునే చక్కెర బిళ్లలు అన్నీ అందులోనే. ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను. దారి పక్కన కాలవ మీద దీపాల వెలుగు పడి చాలా బాగుంది. ఫోటో తీద్దామని ఆ చెయ్యి వదిలాను.

మూడు ఫోటోలు. అంతే. తిరిగి చూస్తే పక్కన ఎవరో జపాన్ ఆడపిల్ల ఉంది.

మొదట భయం వేయలేదు. ముందుకు పోయి ఉంటుంది, మా గుంపుతో ఉంటుంది అనుకున్నాను. పరుగెత్తి గుంపును అందుకున్నాను. ఆమె లేదు. గైడు ఒకవైపు, నేనొకవైపు వెతకడం మొదలుపెట్టాం. వాచీ చూసుకుంటే ఆరూ నలభై. మందుల షాపులో పదేళ్లుగా పనిచేస్తున్నదాన్ని. ఆ సూది వేసుకుని తినకపోతే ముందు ఏమవుతుందో, తర్వాత ఏమవుతుందో రోజూ జనానికి చెప్పేదాన్ని. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, తర్వాత స్పృహ పోతుంది. ఆ చలిలో నా వీపంతా తడిసిపోయింది. ఆమె చక్కెర బిళ్లలు నా భుజాన వేలాడుతున్నాయి.

ఏడు దాటింది. అప్పుడే మా ఆయన ఫోన్.

"ఏం చేస్తాండారు? అమ్మ ఏది?"

"బజారులో ఉన్నాం. బాత్రూముకు పోయింది."

"తినిందా?"

"తిన్నది" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. ఒక అంగడి మెట్టు మీద కూర్చుని, మళ్లీ లేచాను. ఎర్రచీర కట్టుకుని, గోధుమరంగు శాలువా కప్పుకున్న మనిషి కోసం సందు సందూ తిరిగాను. పోలీసుల దగ్గరికి పోదామని గైడు అంటున్నాడు. సరేనని వెనక్కి తిరుగుతుంటే, పక్క సందులో, దీపాలు తక్కువున్న చోట, ఒక చిన్న అంగడి ముందు ఎర్రటి కొంగు కనబడింది.

మా అత్త ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. ఆమె శాలువా మీద ఇంకెవరిదో శాలువా కప్పి ఉంది. పక్కన అంగడామె, మా అత్త వయసే ఉంటుంది, అత్త రెండు అరచేతులూ రుద్దుతోంది. ముందు ఖాళీ పళ్లెం, ఖాళీ గ్లాసు.

నేను ఏడుస్తూ అరిచాను. "యాడికి పోయినావు అత్తా! ప్రాణం పోయింది నాకు!"

"అరవాకు. వీళ్ల ఊర్లో ఎవరూ అరవరు" అంది. గొంతు నీరసంగా ఉంది. "జనం తోసుకుంటా పోయినారు. నువ్వు కనపడల్యా. శానా దూరం నడిచినా. చెమట పట్టింది, కండ్లు తిరిగినాయి. ఎవర్ని అడగాల, ఏమని అడగాల? అప్పుడు ఈ పెనం కనపడింది. మన పెనమే గదా అని ఈడికొచ్చి కూలబడినా. నోటికాడ చెయ్యి పెట్టి చూపించినా. ఆ తల్లి ముందు తియ్యనీళ్లు తాపింది, తర్వాత ఇవి పెట్టింది. ఆకలికి భాష యాడిది అమ్మీ."

సంచిలోంచి షుగరు చూసే మిషన్ తీసి, అత్త వేలు పట్టుకుని రక్తం చుక్క తీసి చూశాను. ప్రమాదం దాటింది. అప్పుడు కూర్చున్నాను.

కాసేపటికి మా అత్త తేరుకుంది. పీట దిగి పెనం వైపు చెయ్యి చూపించింది. ఆ జపానామె నవ్వి, రెండు పుల్లలు ఇచ్చింది. మా అత్త మొదటి దాన్ని కొంచెం తడబడి తిప్పింది. రెండోదానికి దారి తెలిసింది. వరసంతా తిప్పేసింది. ఇద్దరూ పెనం మీదికి వంగి ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. మంట తగ్గించమని మా అత్త చేత్తో చెప్తే, ఆమె తగ్గించింది. వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకరికొకరు వంగి వంగి దండాలు పెట్టుకున్నారు. ఈసారి నేను లాగలేదు.

తిరిగి నడుస్తున్నప్పుడు అంది. "ఇంటికాడ చెప్పొద్దు. చెప్తే వాడు నన్ను పక్కనుండే రాజుపాలెం గూడ పంపడు ఇంగ."

"తప్పు నాది అత్తా. ఫోటోలు తీసుకుంటా చెయ్యి వదిల్నా."

"తెలుసు. నేను చూసినా" అంది. అంతే. తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక బంధువుల ముందు మా ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. "మా అమ్మను చంటిపిల్ల మాదిరి చూసుకున్నాది. ఒక్కసారి గూడ చెయ్యి వదల్యా." అప్పుడు మా అత్త నా ముఖం చూడకుండా, "అవునప్పా, వదల్యా" అనేది. అలా ఎన్నిసార్లు అన్నదో. అన్న ప్రతిసారీ నేను వంటింట్లోకి పోయేదాన్ని.

పెద్దకర్మ రోజు వచ్చినవాళ్ల ముందు మా ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి "అవునప్పా" అనే మనిషి లేదు. అందరూ నా వైపు చూశారు. నేను వంటింట్లోకి పోలేదు.

జనం వెళ్లిపోయాక ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఫోటోలు, ఇన్సులిన్, బాత్రూమని చెప్పిన అబద్ధం, అన్నీ. ఆయన ముఖం గట్టిపడింది. "ఆ పొద్దు ఏమన్నా అయ్యుంటే?" అన్నాడు. లేచి లోపలికి పోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నా వైపు చూడలేదు. ఆ కోపం న్యాయమైనదే. ఆయన మెత్తబడాలని నేను అడగలేదు.

ఐదో రోజు నేను షాపుకు పోను బస్సుకు బయలుదేరుతుంటే గడప దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. నేల చూస్తూ అడిగాడు.

"అమ్మ ఆడ సంతోషంగా ఉండిందా?"

పులివెందుల బస్సు పోతే పోనీ అనుకున్నాను. తిరుగు ప్రయాణానికి ముందు రోజు సంగతి ఆయనకు చెప్పాను. కొండల్లో వేడినీటి ఊటలున్న చిన్న ఊరు. రోడ్డు పక్కనే చెక్క బల్లల మధ్య వేడినీటి తొట్టి ఉంది. నడిచి అలసినవాళ్లు ఎవరైనా అందులో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. మా అత్త చీర పిక్కల దాకా ఎత్తి, పగుళ్లు తేలిన పాదాలు నీళ్లలో పెట్టింది. మంచు మొదలైంది. పుట్టాక మొదటిసారి చూస్తోంది మంచును. నేను గొడుగు పడితే తోసేసింది. కళ్లు మూసుకుని, తల కొంచెం పైకెత్తి కూర్చుంది. నీళ్ల నుంచి ఆవిరి లేచి ఆమె ముఖం చుట్టూ తిరుగుతోంది. ఆమె నెరిసిన జుట్టు మీద మంచు ఒక్కో పలుకే పడుతోంది. ఏది వెంట్రుకో, ఏది మంచో తెలియకుండా.