ఇంజనుకు పోసిన రాగిపిండి

యుద్ధం నాటి మాట. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. నా మొగుడికి జ్వరం దిగలేదు, మా ఊరి వైద్యుడు చేతులెత్తేశాడు. చిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని కార్వేటినగరంలో బస్సెక్కించాను. ఆయన తల నా ఒడిలో ఉంది. మూటలో రాగిపిండి ఉంది, ఆసుపత్రిలో జావ కాచి పొయ్యడానికి.

కొండ మలుపులో బస్సు ఆగిపోయింది. ఇంజను ముందర నీళ్ల పెట్టె ఉంటుందే, రేడియేటరు, అది చిట్లి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. చుట్టుపక్కల ఊరన్నది లేదు. డ్రైవరు వంగి చూసి లేచాడు.

"రాగిపిండి ఎవురికాడన్నా ఉండాదా? నీళ్లల్లో కలిపి పోస్తే వేడికి ఉడికి సందులో పట్టుకుంటాది."

అందరూ నా మూట వైపే చూశారు.

"ఇది జబ్బుమనిషి జావకి పెట్టింది, అన్నా" అన్నాను.

"ఆయప్ప తాగే మాదిరా ఉండాడు? ఇంజనన్నా తాగనీమ్మా" అన్నాడు కండక్టరు. బస్సంతా గొల్లున నవ్వింది. ఇచ్చేశాను. బస్సు కదిలితేనే గదా ఆసుపత్రి.

డ్రైవరూ కండక్టరూ కింద వంక ఇసుకలో చెలమ తోడి నీళ్లు తెచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆలోపలే ఆయన పోయాడు. ఊపిరి ఆగడం నా అరచేతికి తెలిసింది. ఏడిస్తే దించేస్తారు. పీనుగ ఎక్కితే బస్సుకు మైల అని మా వైపు ఎవరూ ఒప్పుకోరు. చిత్తూరులో మా అన్న ఉన్నాడు, అన్న గడప దాకా చేర్చితే చాలనుకున్నాను. నోరు నొక్కుకుని, ఆయన ముఖం మీద ఈగలు తోలుతూ కూర్చున్నాను.

ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగింది.

"ఏమ్మే, నీ మొగుడు మెదల్లేదే?"

"నిద్రపోతుండాడవ్వా."

"అయితే లేపు, సూస్తాం."

నేను లేపలేదు. కండక్టరు లోటాతో నీళ్లు తెచ్చి ఆయన నోట్లో పోశాడు. నీళ్లు చెంప మీదుగా నా చీర మీదికి కారాయి.

"అన్నా, పీనుగ!" అని డ్రైవరును కేకేశాడు.

క్షణంలో బస్సు ఖాళీ అయింది. మీ కాళ్లు పట్టుకుంటానన్నాను, చిత్తూరు దాకా రానివ్వమన్నాను.

"మేం తాకితే తానం చేయాల. అన్ని నీళ్లు యాడుండాయి? నువ్వే దించుకో" అన్నాడు డ్రైవరు.

చంకల కింద చేతులేసి ఈడ్చాను. ఆయన మడమలు మెట్టుమెట్టుకూ కొట్టుకున్నాయి. వాళ్లు నిలబడి చూశారు. ముసలమ్మ మూటలోని పసుపు లోటా నీళ్లలో కలిపి సీటు మీద చల్లుకుని ఎక్కారు. రేడియేటరు నుంచి ఒక్క చుక్క కారలేదు, బస్సు వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా ఒక ఎద్దుల బండి వచ్చింది, చిత్తూరికి కట్టెలు తోలుకుపోతోంది. బండివాడు ఆపి అడిగాడు. చెప్పాను. ఆయన వైపు చూశాడు, తన బండి వైపు చూశాడు.

"ఎట్లాగూ కట్టెలమీదికే గదమ్మా పొయ్యేది. ఎక్కించు."

ఆ మాటకు వాణ్ణి చెప్పుతో కొట్టాలనిపించింది. వాడు తల వైపు పట్టుకున్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను.